పనివాళ్లు తక్కువా, పని తక్కువా?

ఈ నెల ఉత్తరాల కట్టలోంచి నాలుగు ఏరి పక్కన పెట్టాను. ఒకటి తెనాలిలో ఇంటర్ చదివే అమ్మాయిది. ఒకటి అనంతపురం నుంచి ఓ చంటిబిడ్డ తల్లిది. ఇంకోటి రాజమండ్రిలో రిటైరైన లెక్కల మాస్టారిది. చివరిది హనుమకొండ దగ్గర స్కూలు వ్యాను నడిపే అబ్బాయిది. ఒకరికొకరు ఎవరో తెలియదు గానీ నలుగురూ అడిగింది దాదాపు ఒకటే: ఒంట్లో, గింజల్లో చర్యలను వేగంగా నడిపే ప్రొటీన్లు, అంటే ఎంజైముల సంగతి. నేను 1988 నుంచి 2019 దాకా ఆసుపత్రి ల్యాబులో గాజు గొట్టాలు కడిగి, నింపి, చదివిన మనిషిని. ఇలాంటి ఉత్తరాలు దొరికితే మిగతావి పక్కకు జరిపేస్తాను. బొప్పాయి ఆకు రసం గురించి అడిగినవాళ్లు ఇంకో నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడమ్ గారూ, మా బోటనీ పాఠంలో ఎంజైముల దగ్గర రెండు గ్రాఫులున్నాయి. ఎంజైము గాఢత పెంచుతూ పోతే చర్య వేగం స్కేలు పెట్టి గీసినట్టు పెరుగుతుంది. అధస్థ పదార్థం (ఎంజైము పట్టుకుని మార్చే పదార్థం) గాఢత పెంచితే మాత్రం మొదట గబగబా లేచి, తర్వాత పడుకుంటుంది. రెండూ గాఢతలే కదా, ఈ తేడా ఎందుకు? మా సారు "క్రియాశీల స్థానాలు సంతృప్తమవుతాయి అని రాయి, మార్కులు వస్తాయి" అన్నారు. రాస్తాను గానీ అర్థం కాలేదు. ఇంట్లో బంగాళాదుంప రసంతో, మందుల షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చేసి చూశాను. నా గ్రాఫులు పైకి లేవకపోగా కిందికి దిగాయి. కాగితం జతచేశాను. 'కే ఎం' అంటే కూడా చెప్పండి.
— ఇంటర్ రెండో ఏడాది విద్యార్థిని, తెనాలి

జవాబు: తల్లీ, మీ సారు చెప్పింది నిజమే. కాకపోతే ఆ వాక్యం ఖాళీ కుండలా ఉంది. అందులో కాస్త చింతపండు వేద్దాం.

నా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అమ్మమ్మ వాళ్లింటి వసారాలో ఎండిన చింతకాయ కుప్ప పోసేవాళ్లు. చుట్టూ అయిదుగురు ఆడవాళ్లు కూర్చునేవారు. కాయ అందుకోవడం, పెంకు కొట్టడం, పీచు లాగడం, గింజ తీసి పండు బుట్టలో వేయడం, మళ్లీ కాయ అందుకోవడం. ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా ఒక కాయకు ఇంతని సమయం పడుతుంది. కుప్ప చివరికి వచ్చి, నేల మీద నాలుగు కాయలు అక్కడొకటి ఇక్కడొకటి మిగిలినప్పుడు చూడాలి. చేతులు పని చేసే సేపుకన్నా వెతుక్కునే సేపే ఎక్కువ. అప్పుడు తాతయ్య ఇంకో తట్ట తెచ్చి గుమ్మరిస్తే పని ఒక్కసారిగా ఊపందుకునేది. అదే, కుప్ప మోకాలెత్తున ఉన్నప్పుడు ఇంకో పది తట్టలు తెచ్చి పోస్తే? అమ్మమ్మ తిట్టేది, అంతే. అయిదుగురి పది చేతుల్లోనూ అప్పటికే కాయలున్నాయి. కుప్ప పెరుగుతుంది గానీ వేగం పెరగదు.

నీ రెండో గ్రాఫు పడుకున్నది అక్కడే. కుప్ప అంటే అధస్థ పదార్థం. ఆడవాళ్లు ఎంజైము అణువులు. వాళ్ల చేతులే మీ సారు చెప్పిన క్రియాశీల స్థానాలు. చేతులన్నీ నిండిపోవడమే సంతృప్తం కావడం.

మొదటి గ్రాఫు సంగతి. కుప్ప పెద్దదిగా ఉండగానే పక్కింటి నుంచి ఇంకో అయిదుగురిని పిలుచుకొస్తే వేగం రెట్టింపవుతుంది, పదిహేనుమంది అయితే మూడింతలు. గీత తిన్నగా పోతుంది. ఇక్కడ మీ పుస్తకంలో బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉండే ఉంటుంది, చూడు: అధస్థ పదార్థం సమృద్ధిగా ఉన్నంతవరకు. కాయలు గుప్పెడే ఉంటే యాభైమందిని పిలిచినా లాభం లేదు, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. అంటే ఆ తిన్నని గీత కూడా ఎక్కడో ఒకచోట పడుకోవాల్సిందే. పుస్తకం అక్కడిదాకా గీయలేదు, అంతే.

కాబట్టి ఏ చర్య దగ్గరైనా మొదట అడగాల్సింది ఒకటే: పనివాళ్లు తక్కువా, పని తక్కువా? ఏది తక్కువైతే దాన్ని పెంచినప్పుడే వేగం కదులుతుంది.

ఇప్పుడు నీ కాగితం. బాగా చేశావు. వడపోత కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి, దుంప రసంలో ముంచి, పెరాక్సైడ్ గ్లాసు అడుగుకు వదిలావు. దుంపలోని కెటలేజ్ అనే ఎంజైము పెరాక్సైడును నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. బుడగలు పట్టి కాగితం పైకి తేలేదాకా సెకన్లు లెక్కపెట్టావు. చిక్కటి రసానికి 8 సెకన్లు, సగానికి పలచన చేస్తే 17, పావుకు 33 అని రాశావు. ఇక్కడే చిన్న పొరపాటు. నిలువు గీత మీద నువ్వు వేసింది వేగాన్ని కాదు, సమయాన్ని. త్వరగా తేలితే సెకన్లు తగ్గుతాయి, అందుకే గ్రాఫు కిందికి దిగింది. ఒకటిని సెకన్లతో భాగించి వెయ్యి. 0.030, 0.059, 0.125 వస్తాయి. చూశావా, దాదాపు తిన్నని గీత.

పెరాక్సైడ్ మార్చిన లెక్కలకూ అలాగే చెయ్యి. అర శాతానికి 40 సెకన్లు, 1 శాతానికి 22, 2 శాతానికి 13, 3 శాతానికి 11, 6 శాతానికి 10 అన్నావు. గాఢత పన్నెండింతలైంది, వేగం నాలుగింతలే అయింది. అందులోనూ 3 నుంచి 6కు రెట్టింపు చేస్తే దక్కింది ఒక్క సెకను. వంపు తిరిగిన గీత నీ వంటింట్లోనే వచ్చింది.

రెండు జాగ్రత్తలు. రసం మార్చిన లెక్కలన్నీ ఒకే గ్లాసులో వరసగా వేసినట్టు రాశావు. ముందు వేసిన కాగితపు బిళ్లలు కొంత పెరాక్సైడును తినేస్తాయి కాబట్టి వెనక వేసినవాటికి పలచటిది మిగులుతుంది. ప్రతిసారి గ్లాసు కడిగి కొత్తది పోసుకో. రెండోది, కెటలేజ్ మహా పనిమంతురాలు, ఒక్క అణువు సెకనుకు లక్షల్లో పెరాక్సైడ్ అణువులను విడగొట్టగలదు. కానీ పెరాక్సైడ్ మరీ చిక్కగా ఉంటే ఆ మంటకు ఎంజైమే పాడవుతుంది. నీ 6 శాతం లెక్కలో ఆ దెబ్బ కూడా కొంత ఉండొచ్చు. నీ వేళ్ల సంగతి సరేసరి, ఈసారి గ్లవ్స్ వేసుకో.

ఇక కే ఎం. దీని వెనక ఉన్న కథంటే నాకు ఇష్టం, ఎందుకంటే అది ఆసుపత్రి ల్యాబు కథ. బెర్లిన్‌లో లియొనార్ మికాయిలిస్ అనే ఆయన ఉండేవాడు. యూదుడు కావడంతో విశ్వవిద్యాలయంలో ఎదిగే దారి లేక, ఊళ్లోని ఒక ఆసుపత్రిలో చిన్న ల్యాబు నడిపేవాడు. 1912లో కెనడా నుంచి మాడ్ మెంటెన్ అనే డాక్టరమ్మ సముద్రం దాటి ఆయన దగ్గర పని చేయడానికి వచ్చింది. వైద్యం చదివిన ఆడవాళ్లే అరుదైన రోజులవి, అందులోనూ పరిశోధనకు ఒంటరిగా ఓడెక్కడం! ఇద్దరూ పట్టుకున్నది ఈస్టులో ఉండే ఇన్వర్టేజ్ అనే ఎంజైమును. అది పంచదారను గ్లూకోజు, ఫ్రక్టోజు కింద విడగొడుతుంది. పంచదార నీళ్లలోంచి ధ్రువిత కాంతి (ఒకే దిశలో ఊగే కాంతి) పోతే ఒక పక్కకు తిరుగుతుంది. విడిపోయాక రెండో పక్కకు తిరుగుతుంది. ఆ తిరుగుడు కొలుస్తూ ఎంత పంచదార విడిపోయిందో లెక్కకట్టారు.

ఎంజైము, అధస్థ పదార్థం ఒక్క క్షణం జతకట్టి విడిపోతాయన్న ఊహ కొత్తది కాదు. 1902లో ఏడ్రియన్ బ్రౌన్, 1903లో విక్టర్ హెన్రీ అప్పటికే ఆ దారి తొక్కారు. వీళ్లు చేసిన తెలివైన పని వేరే. సమయం గడిచేకొద్దీ పంచదార తగ్గుతుంది, తయారైన సరుకు అడ్డుపడుతుంది, లెక్క చిక్కుపడిపోతుంది. అందుకని ప్రతి ప్రయోగంలోనూ మొదటి కొద్ది నిమిషాల వేగాన్నే తీసుకున్నారు, ఆమ్లత్వం మారకుండా బఫరు వాడారు. నీకు గ్లాసు మార్చమని చెప్పానే, అదే బుద్ధి. 1913లో అచ్చు వేశారు. లెక్క ఇంతే:

వేగం = గరిష్ఠ వేగం × గాఢత ÷ (కే ఎం + గాఢత)

గాఢత సరిగ్గా కే ఎం అంత ఉంటే వేగం గరిష్ఠంలో సగం అవుతుంది. కే ఎం అంటే అదే, సగం చేతులు నిండటానికి కావలసిన కుప్ప. గరిష్ఠ వేగం 100, కే ఎం 10 అనుకుని నువ్వే వేసి చూడు. గాఢత 10కి వేగం 50. 20కి 67. 40కి 80. 90కి 90. 99 రావాలంటే గాఢత 990 కావాలి! ఆ చివరి కాస్త కోసం ఎంత పోయాలో చూశావా? పదోవంతు వేగం నుంచి తొంభై శాతానికి ఎక్కాలంటే గాఢత 81 రెట్లు పెరగాలి. ఈ సంగతి తెలిస్తే ఎవరూ ఆ వంపును పరీక్షకోసం బట్టీ పట్టరు.

వాళ్లిద్దరికీ ఇన్వర్టేజ్ కే ఎం 0.0167 మోలార్ అని వచ్చింది. వంటింటి భాషలో చెప్పాలంటే లీటరు నీళ్లకు ఆరు గ్రాముల లోపు పంచదార, చిన్న చెంచాడు. మనం తాగే టీలో దానికి ఎన్నో రెట్లుంటుంది.

ఇదంతా గ్రాఫు కాగితం మీదే ఆగిపోయే వ్యవహారం కాదు. మెదడులో గ్లూకోజును పట్టే హెక్సోకైనేజ్ అనే ఎంజైము ఉంది. దాని కే ఎం చాలా తక్కువ, షుగరు రిపోర్టు లెక్కలో రెండు మిల్లీగ్రాములకు అటూఇటూ. పరగడుపున నీ రక్తంలో 90 ఉన్నా, భోజనం చేశాక 130 అయినా దాని చేతులు ఎప్పుడూ నిండే ఉంటాయి, మెదడు పని ఒకే తీరుగా సాగుతుంది. కాలేయంలో అదే పని చేసేది గ్లూకోకైనేజ్. దానికి సగం వేగం రావాలంటే 140 ప్రాంతంలో ఉండాలి. పరగడుపున బద్ధకంగా ఉంటుంది, నువ్వు అన్నం తిని షుగరు పెరిగితే చురుకెక్కి ఆ ఎక్కువైనదాన్ని లోపలికి లాగేస్తుంది. ఒకే పనికి రెండు రకాల పనివాళ్లు, ఒకరు ఉన్న నాలుగు కాయలూ వెతుక్కుని మరీ చేసేవారు, ఒకరు కుప్ప పడితే తప్ప కదలనివారు. ఆ ఏర్పాటు ఎంత అవసరమో నీకు చెప్పక్కర్లేదు.

ప్రశ్న: అక్కా, మా బాబుకి పది నెలలు. రాగి జావ గట్టిగా ఉంటే మింగడు, నీళ్లు ఎక్కువ పోస్తే బలం ఉండదని మా అత్త పోరు. మొలకెత్తించిన రాగుల పిండి ఒక చెంచా కలిపితే గట్టి జావ కూడా పలచనవుతుందని అంగన్‌వాడీలో చెప్పారు. ఒకసారి అయ్యింది, ఒకసారి కాలేదు. రెండు చెంచాలు వేస్తే ఇంకా పలచనవుతుందా?
— ఒక తల్లి, అనంతపురం

జవాబు: కానప్పుడు జావ పొయ్యి మీద తుకతుక ఉడుకుతుండగానే పిండి కలిపి ఉంటావమ్మా. మొలకల్లో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది, గింజలోని పిండిపదార్థాన్ని మొలకకు ఆహారంగా ముక్కలు చేయడానికి. ఆ పనే నీ గిన్నెలోనూ చేస్తుంది. జావ చిక్కగా ఉండేది పొడుగాటి పిండి అణువులు చిక్కుపడి నీళ్లను పట్టుకోవడం వల్ల. అవి తెగితే నీళ్లు వదులుతాయి. పిండి ఏమీ పోలేదు, బలం గిన్నెలోనే ఉంది. అయితే మరిగే వేడికి ఎంజైము చచ్చిపోతుంది. మొలకలను ఎర్రగా వేయించి పట్టించినా అంతే, వాసన వస్తుంది గానీ పని చేయదు. నీడనో ఎండనో ఆరబెట్టి పట్టించు. జావ ఉడికాక దించి, కాస్త వేడి తగ్గనిచ్చి, అప్పుడు కలిపి కలియబెట్టు. పలచనయ్యాక మళ్లీ ఒక పొంగు రానిస్తే మంచిది, మొలకల పిండి పచ్చిది కదా.

రెండు చెంచాల సంగతి. ఎంజైము రెట్టింపైతే పని సగం సమయంలో అవుతుంది. ఆరు నిమిషాలు పట్టేది మూడు నిమిషాలకు వస్తుంది. ఎంజైము చేరేచోటును మార్చదు, చేరే వేగాన్నే మారుస్తుంది. కాబట్టి ఒక చెంచా వేసి ఇంకాసేపు ఆగినా చాలు. అత్తగారితో మాత్రం మూడు నిమిషాల్లోనే అయ్యేట్టు చూసుకో.

ప్రశ్న: అమ్మా, నా రక్త పరీక్షలో షుగరు, కొలెస్ట్రాల్, క్రియాటినిన్ అన్నీ మిల్లీగ్రాముల్లో ఇచ్చి, ఎస్‌జీపీటీ మాత్రం '62 యూనిట్స్ పర్ లీటర్' అన్నారు. ముప్పై ఆరేళ్లు లెక్కలు చెప్పాను, కొలమానం తేలకపోతే నిద్రపట్టదు. కరెంటు బిల్లా ఇది?
— రిటైర్డ్ ఉపాధ్యాయులు, రాజమండ్రి

జవాబు: మాస్టారూ, 62 ఏమిటన్నది మీ డాక్టరు గారు చెప్పాలి. యూనిట్ ఏమిటన్నది నేను చెబుతాను.

లీటరు సీరంలో ప్రొటీన్లు డెబ్భై గ్రాముల దాకా ఉంటాయి. అందులో ఎస్‌జీపీటీ అనే కాలేయపు ఎంజైము తూకానికి అందనంత తక్కువ. సంతలో తప్పిపోయిన పిల్లాడిని బరువు చూసి పట్టుకోలేం కదా, పేరు పెట్టి పిలవాలి, పలికినవాడే మనవాడు. ఎంజైమును కూడా దాని పని చేత పలికిస్తాం. దానికి నచ్చే పదార్థం ఇచ్చి, నిమిషానికి ఎంత మార్చిందో చూస్తాం. నిమిషానికి ఒక మైక్రోమోల్ (అణువుల లెక్కకు వాడే చిన్న కొలత) మారిస్తే ఒక యూనిట్. మీ 62 అంటే, మీ సీరం లీటరు ఉంటే నిమిషానికి 62 మైక్రోమోళ్ల పని చేస్తుందని. కరెంటు బిల్లుకు మీరనుకున్నంత దూరం కాదు.

పైన తెనాలి అమ్మాయికి చెప్పిన షరతు ఇక్కడ ప్రాణం. పనిని చూసి పనివాళ్లను లెక్కపెట్టాలంటే కుప్ప తరగకూడదు. అందుకే పరీక్ష గొట్టంలో అధస్థ పదార్థం ఎప్పుడూ దండిగా పోస్తాం, గ్రాఫు పడుకున్నచోట. అక్కడ వేగం కుప్పను పట్టించుకోదు, ఎంజైము ఎంతుంటే అంతే. దొరికిన సరుకును కొలిచి ఎంజైమును అంచనా కట్టడం పాత విద్యే. మా చదువుకునే రోజుల్లో ఎంజైము విడదీసిన ఫాస్ఫరస్‌ను నీలం రంగు తేల్చి కొలిచిన పద్ధతిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనేవాళ్లం. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే, 1925లో హార్వర్డులో ఉండగా ఫిస్కేతో కలిసి చేసింది. గొట్టంలో నీలం తేలినప్పుడల్లా మా బ్యాచిలో గోదావరి జిల్లా వాళ్లకు కాస్త గొప్పగా ఉండేది. మీరూ ఆ పక్కవారే కనుక చెబుతున్నాను.

కుప్ప తరిగితే ఏమవుతుందో నేను నా చేత్తోనే చేసి చూపించాను. 1991 వానాకాలం. కామెర్ల కేసులు వరసగా వస్తున్నాయి. ఎస్‌జీపీటీ పరీక్షలో ఎన్ఏడీహెచ్ అనే పదార్థం ఉంటుంది. ఎంజైము పని చేసేకొద్దీ అది ఖర్చవుతుంది, 340 నానోమీటర్ల కాంతిలో రీడింగు పడిపోతుంది. ఎంత వేగంగా పడిపోతే అంత ఎంజైము. మొదటి నిమిషం వదిలేసి, తర్వాత నిమిషానికొకటి చొప్పున మూడు రీడింగులు తీయాలి. ఓ నడివయసు ఆమె సీరం పెట్టాను. రీడింగు ఇంచుమించు కదల్లేదు. లెక్క వేస్తే 14 వచ్చింది. నార్మల్. రిజిస్టర్లో ఎక్కించి సంతకం కూడా పెట్టాను.

మా పెద్దమేడమ్ రౌండుకొచ్చి, ఏమీ అనకుండా ఆ గొట్టం తీసి కిటికీ వెలుగులో పట్టారు. సీరం పసుపు నీళ్లలా ఉంది. "ఈ రంగు చూశావా? నువ్వు రాసిన అంకె చూశావా? రెండూ ఒకే మనిషివేనా?" అన్నారు. నాకు చెమటలు పట్టాయి. ఒక పాలు సీరానికి తొమ్మిది పాళ్లు సెలైన్ కలిపి మళ్లీ పెట్టించారు. ఈసారి 214. పదితో గుణిస్తే 2,140.

జరిగిందేమంటే, ఆమె రక్తంలో ఎంజైము ఎంత ఉందంటే నేను వదిలేసిన ఆ మొదటి నిమిషంలోనే ఎన్ఏడీహెచ్ అంతా ఊడ్చేసింది. నేను గడియారం చూసి లెక్క మొదలుపెట్టేసరికి వసారాలో ఒక్క కాయ కూడా లేదు. పనివాళ్లు వందలమంది ఖాళీగా కూర్చుంటే, నేను బుట్టలోకి ఏమీ పడటం లేదని చూసి ఇక్కడ ఎవరూ లేరని రాశాను. మామూలుగా ఒకటిన్నర దగ్గర మొదలయ్యే రీడింగు ఆ రోజు పావు దగ్గర మొదలైంది. నేను తేడానే చూశాను, మొదలును చూడలేదు. అదృష్టం, రిపోర్టు ఇంకా కిటికీ దాటలేదు. దిద్ది పంపాం. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, రీడింగు ఎక్కడ మొదలైందో చూడకుండా ఏ ఎంజైము అంకె కిందా నేను సంతకం పెట్టలేదు. ఇప్పటి మెషీన్లు ఈ తప్పును వాటంతటవే పట్టి, సీరం పలచన చేసి మళ్లీ చదువుకుంటాయి. రిపోర్టు కింద 'డైల్యూట్ చేసి రిపీట్ చేయబడినది' అని ఉంటే అర్థం ఇదే. మీ 62కు ఆ గొడవ లేదు, హాయిగా పడుకోండి.

ప్రశ్న: మేడం, నేను స్కూల్ వ్యాన్ నడుపుత. దోస్తుల పెండ్లిలల్ల రాత్రి తాగుడైతది. పొద్దుగాల ఆరింటికి ఫస్ట్ ట్రిప్పు. నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ తాగి, తలస్నానం చేస్తే జెల్ది దిగుతదని అంటరు. ఎక్కువ తాగితే లివర్ గూడ ఎక్కువ పనిచేస్తదా? పోలీసోళ్ల మిషన్ల ఎంత రావద్దు?
— వ్యాన్ డ్రైవర్, హనుమకొండ దగ్గర

జవాబు: తమ్ముడూ, ఉన్నదున్నట్టు అడిగావు, నేనూ అలాగే చెబుతా. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం.

లివరు ఎక్కువ పని చేస్తుందా అన్నావు. చేయదు. కాలేయంలో ఆల్కహాలును విరిచే ఎంజైము పేరు ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్. దానిలో ముఖ్యమైన రకాలకు సగం వేగం అందుకోవడానికి 100 మిల్లీలీటర్లకు అయిదు మిల్లీగ్రాములు కూడా అక్కర్లేదు. అంటే పోలీసుల హద్దు దాకా రాకముందే దాని చేతులన్నీ ఇంచుమించు నిండిపోతాయి. ఆ పైన నువ్వు పోసేదంతా మోకాలెత్తు చింతకాయ కుప్ప మీద ఇంకో తట్ట. కుప్ప పెరుగుతుంది, పని అంతే. అందుకే చాలా మందులు రక్తంలో ఎక్కువుంటే ఎక్కువ వేగంగా తగ్గుతాయి గానీ, తాగే మందు మాత్రం గంటకు ఇంతని ఒకే లెక్కన తగ్గుతుంది. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది, రోజూ తాగేవాళ్లలో కొంచెం వేగం ఎక్కువ. సగటున గంటకు 15 మిల్లీగ్రాములు అనుకో. నిమ్మకాయ నీళ్లు దాహం తీరుస్తాయి, మజ్జిగ కడుపు చల్లబరుస్తుంది, తలస్నానం వాసన తగ్గిస్తుంది. ఒక్క పనివాడిని కూడా అదనంగా తెచ్చిపెట్టవు.

పెండ్లిలో ఎవరో తెచ్చిన ముద్ర లేని సీసా ముట్టకు. అందులో మిథనాల్ అనే విషపు ఆల్కహాలు ఉంటే అదే ఎంజైము దాన్ని కూడా పట్టుకుని, ఫార్మాల్డిహైడ్‌గా మారుస్తుంది, అది ఫార్మిక్ యాసిడ్ అవుతుంది. కళ్లు పోయేది, ప్రాణం పోయేది దానివల్ల. ఆసుపత్రిలో డాక్టర్లు ఆ చేతులకు మిథనాల్ అందకుండా ఫోమెపిజోల్ అనే విరుగుడు గానీ, కొలిచి కొలిచి మంచి ఆల్కహాలు గానీ ఎక్కిస్తారు. అది రక్తం పరీక్షలు చూసుకుంటూ వాళ్లు చేయాల్సిన పని, ఇంట్లో సీసాతో చేసేది కాదు. చూపు మసకేస్తే ఆ క్షణమే ఆసుపత్రికి ఉరకాలి.

ఇక నీ లెక్క. రాత్రి పన్నెండుకు బరాత్ అయిపోయేసరికి నీ రక్తంలో 150 ఉందనుకో. గంటకు 15 చొప్పున 30కి దిగడానికి ఎనిమిది గంటలు, అంటే పొద్దున ఎనిమిది. ఆరింటికి నీ వ్యాను మొదటి ఇంటి ముందు హారన్ కొట్టేటప్పుడు ఇంకా 60 ఉంటుంది.